థార్ ఎడారిలో చెంబెడు నీళ్ళు

ఎడారి అనగానే మన పిల్లల కళ్ళ ముందు మెదిలేది అరేబియా. ప్రవక్తల గాథల్లో వారు విన్నది ఆ ఎడారి గురించే. మన దేశంలోనూ ఒక మహా ఎడారి ఉన్నదనీ, అందులో ఎన్నో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా జీవిస్తున్నాయనీ పాఠ్యపుస్తకంలో చదివినా అది మనసుకు ఎక్కదు. నిరుడు డిసెంబరులో మావారు, నేను, పదమూడేళ్ళ మా అమ్మాయి, తొమ్మిదేళ్ళ అబ్బాయి, డెబ్బై ఏళ్ళు నిండిన మా అత్తగారు, మొత్తం ఐదుగురం కర్నూలు నుండి రైళ్ళు మారి జోధ్‌పూర్ చేరుకున్నాము. అక్కడ ఒక వాహనాన్ని డ్రైవరుతో సహా అద్దెకు తీసుకున్నాము. పోఖ్రాన్, జైసల్మేర్, బాడ్‌మేర్ చూసుకుని మళ్ళీ జోధ్‌పూర్ చేరడం మా పథకం. ఆరు రోజులు, ఏడు వందల పైచిలుకు కిలోమీటర్లు.

ఈ ప్రయాణంలో మాకు ఎదురైన మొదటి సమస్య దారి కాదు, మా అత్తగారి నమాజు. ముసాఫిర్ నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేసుకోవాలన్నది ఆమెకు తెలియనిది కాదు. "హాయిగా కార్లో కూర్చుని పోతున్నాం. దీనికి రెండు రకాతులు మిగుల్చుకోవడం దేనికి?" అన్నది ఆమె సందేహం. ఇదే సందేహం హజ్రత్ ఉమర్ (రజి)కు కూడా కలిగిందని మావారు గుర్తుచేశారు. శత్రుభయం తొలగిపోయిన తరువాత కూడా ఖస్ర్ ఎందుకని ఆయన అడిగినప్పుడు, ఇది అల్లాహ్ మీకు చేసిన దానమనీ, ఆయన దానాన్ని స్వీకరించమనీ దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఆమె అంగీకరించారు గాని, ఆ దానాన్ని పుచ్చుకుంటున్నప్పుడల్లా ఆమె ముఖంలో కొంచెం మొహమాటం కనిపించేది.

జోధ్‌పూర్ దాటిన కొద్దిసేపటికే పచ్చదనం పలచబడుతుంది. మిగిలేది పొదలు, మేకలు, అక్కడొకటి ఇక్కడొకటి ఖేజ్‌డీ చెట్లు. దగ్గరికి వెళ్ళి చూస్తే అది మన జమ్మి చెట్టే. అక్కడ దాని కాయలను సాంగ్రీ అంటారు. ఎండబెట్టి దాచుకుని ఏడాది పొడవునా కూర వండుకుంటారు. ఆకు పశువులకు మేత. మన వైపు ఈ చెట్టును దసరా నాడు తప్ప పట్టించుకునేవారు తక్కువ. 1974లో, 1998లో అణు పరీక్షలు జరిగిన పోఖ్రాన్‌లో టీ తాగడానికి మాత్రమే ఆగాము.

జైసల్మేర్‌లో రెండు రోజులు ఉన్నాము. 1156లో రావల్ జైసల్ పునాది వేసిన ఈ పసుపుపచ్చ ఇసుకరాతి కోటలో నేటికీ జనం కాపురముంటున్నారు. ఇందులో నన్ను ఆలోచింపజేసింది శిల్పసంపద కాదు, గోడల పగుళ్ళు. జనం కుండలతో నీళ్ళు మోసుకుని, ప్రతి చుక్కనూ లెక్కపెట్టుకుని వాడుకున్నంతకాలం ఆ కోటకు నీటివల్ల పెద్ద బాధ లేదు. కొళాయిలు, స్నానాల గదులు, వాటితోపాటు యాత్రికుల హోటళ్ళు వచ్చాక వాడి పారబోసిన నీరు కిందికి ఇంకి, కోటను మోస్తున్న మెత్తటి పొరలను నానబెట్టింది. కొన్ని గోడలు, బురుజులు కూలిపోయాయి. 1996లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీనిని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఏటా సగటున రెండు వందల మిల్లీమీటర్ల వాన కూడా పడని ఊరిలో కోటకు హాని చేసింది నీరే. అంతకు ముందు రోజే మా అబ్బాయి హోటలు గదిలో కొళాయి విప్పి వదిలేసి టీవీ చూస్తూ కూర్చున్నాడు. ఈ సంగతి విన్నప్పుడు వాడు నా వైపు చూడలేదు.

ఎడారివాసులు నీటిని మూడు రకాలుగా చెబుతారు. నేల మీద పారి చెరువుల్లో, తొట్లలో చేరే వాన నీరు పాలర్ పానీ. భూగర్భంలో చాలా లోతున దొరికేది పాతాళ్ పానీ, ఇది ఎన్నో చోట్ల ఉప్పగా ఉంటుంది. ఈ రెంటికీ మధ్య ఇసుకలో ఇంకిన వాన చెమ్మను, అడుగున ఉన్న జిప్సం పొర పాతాళంలోకి జారిపోకుండా ఆపుతుంది. అది రేజాణీ పానీ. ఆ పొర ఉన్నచోట మనిషి పట్టేంత ఇరుకైన బావి తవ్వితే చెమ్మ బొట్టుబొట్టుగా ఊరుతుంది. దానిని కుయీ అనీ, బేరీ అనీ అంటారు. అనుపమ్ మిశ్ర హిందీలో వ్రాసిన పుస్తకంలో మావారు వీటి గురించి చదివి ఉన్నారు. ఒక బేరీని కళ్ళారా చూడాలన్న ఆయన కోరికే జైసల్మేర్ నుండి బాడ్‌మేర్ వెళ్ళే రోజున మమ్మల్ని రహదారి నుండి పక్కదారికి మళ్ళించింది.

ఆ పక్కదారి కొంత దూరం పోయాక ఇసుకలో కలిసిపోయింది. మధ్యాహ్నం మూడున్నరకు వెనుక చక్రాలు సగానికి పైగా దిగబడ్డాయి. డ్రైవరు వేగం పెంచినకొద్దీ ఇంకా లోతుకు పోయాయి. ఫోన్లకు సిగ్నలు లేదు. మావారూ డ్రైవరూ దిబ్బ ఎక్కి నలువైపులా చూసి వచ్చారు. ఇల్లు గానీ బావి గానీ మనిషి గానీ కనబడలేదు. మా దగ్గర మిగిలినవి లీటరున్నర నీళ్ళు. మేము డ్రైవరుతో కలిపి ఆరుగురం. మా అత్తగారికి మధుమేహం, దాహం ఎక్కువ.

అస్ర్ వేళ అయింది. ఆమె సీసా అందుకున్నారు. "నా వాటా నీళ్ళు నేను తాగను. వాటితో వుజూ చేసుకుంటాను" అన్నారు. మావారు బతిమాలారు, నేను చెప్పి చూశాను. ఆమె వినలేదు. యాభై ఏళ్ళకు పైగా ఒక్క పూట కూడా నీరు లేకుండా నమాజు చేయలేదట. మట్టితో సరిపెట్టుకోవడం రోగులకే తప్ప తనకు తగదన్నది ఆమె భావన. అప్పుడు మా అమ్మాయి కల్పించుకుంది. మదరసాలో తాను చదివిన ఉదంతాన్ని దాదీ పక్కన కూర్చుని చెప్పింది. ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి) కంఠహారం తెగి పడిపోయింది. దానిని వెతకడం కోసం దైవప్రవక్త (స) ఆగారు, ఆయనతోపాటు జనమంతా ఆగిపోయారు. అక్కడ నీరు లేదు, వారి వెంటా లేదు. తండ్రి హజ్రత్ అబూబక్ర్ (రజి) వచ్చి కూతురిని గట్టిగా మందలించారు. తెల్లవారేసరికి తయమ్ముమ్ ఆదేశం అవతరించింది. తరువాత ఒంటెను లేపితే హారం దాని కిందనే దొరికింది. "రోగుల కోసమే కాదు దాదీ, దారిలో నీళ్ళు లేక ఆగిపోయిన వాళ్ళ కోసం కూడా వచ్చింది. మనలాగే" అన్నది. నీరు ఉన్నా అది తాగడానికి మాత్రమే చాలేటప్పుడు తయమ్ముమ్ చేసుకోవచ్చని మావారు జతచేశారు.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత సీసాను మనవడి చేతికిచ్చి, సంకల్పం చెప్పుకుని, శుభ్రమైన ఇసుక మీద రెండు అరచేతులూ కొట్టి ముఖం తుడుచుకున్నారు. మళ్ళీ కొట్టి మోచేతుల వరకు తుడుచుకున్నారు. మేమూ అలాగే చేశాము. ఆ రెండు రకాతుల్లో ఆమె సజ్దా ఎంత దీర్ఘంగా సాగిందంటే, నాకు కొంచెం భయం వేసింది.

ఐదు గంటలకు మేకల మందతో ఒక పెద్దాయన, ఇద్దరు యువకులు దిబ్బ దిగి వచ్చారు. సలాము చేశారు. టైర్లలో గాలి కొంత తీయించి, చక్రాల కింది ఇసుక తోడి, ఎండిన పొదలు విరిచి పరిచారు. అరగంటలో వాహనం బయటపడింది. వారి ఢాణీ, అంటే ఐదారు ఇళ్ళ పల్లె, అక్కడికి రెండు కిలోమీటర్లు. మగ్రిబ్ తమతో చేయకుండా కదలనివ్వమన్నారు. మా దక్కనీ ఉర్దూ, వారి మార్వాడీ సగం సగమే అర్థమయ్యాయి గాని, ఆతిథ్యానికి అది అడ్డు రాలేదు.

వారి ఇంటి ముందు టాంకా ఉంది. నేలలోకి గుండ్రంగా తవ్వి గచ్చు చేసి, పైన కప్పు వేసిన తొట్టి అది. చుట్టూ వాన నీరు దానిలోకి జారేలా చదును చేసిన నేల. దాని మీద చెప్పులతో నడవరు, పశువులను రానివ్వరు. వానాకాలంలో నిండినది మళ్ళీ వాన పడేదాకా రావాలి. పంజాబ్‌లోని హరికే నుండి వచ్చే ఇందిరాగాంధీ కాలువ నీరు జిల్లాలో చాలా చోట్లకు చేరినా, తమ ఢాణీకి ఇంకా రాలేదన్నారు. మరోవైపు 2006 ఆగస్టులో ఇదే బాడ్‌మేర్ జిల్లాలో కవాస్ ప్రాంతం వరదలో మునిగింది. చెమ్మను ఆపే ఆ జిప్సం పొరే అప్పుడు నీటిని ఇంకనివ్వక నెలల తరబడి నిలిపిందట. కర్నూలులో 2009 వరదను అనుభవించిన మాకు ఆ మాట వేరే విధంగా తగిలింది.

వుజూ కోసం మా అత్తగారికి ఒక చిన్న చెంబు ఇచ్చారు. ఆ ఇంటివారంతా ఒక రాతి పలక మీద కూర్చుని వుజూ చేస్తున్నారు. జారిన నీరు పక్కనున్న చిన్న రేగు మొక్క పాదులోకి పోతోంది. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే ముప్పావు లీటరుకు మించని నీటితో వుజూ చేసేవారని ఎన్నిసార్లు విని ఉంటాము! అది ఎంత నీరో చూసింది మాత్రం ఆ సాయంత్రమే. మా అత్తగారు వుజూ ముగించినా చెంబులో నీళ్ళు మిగిలాయి.

అప్పుడు ఆమెకు మరో సందేహం కలిగింది. నీరు దొరికింది గనుక అస్ర్ మళ్ళీ చేయాలా? పెద్దాయన నవ్వి, ఇద్దరు సహాబాల సంగతి చెప్పారు. తయమ్ముమ్‌తో నమాజు చేశాక, వేళ దాటకముందే వారికి నీరు దొరికింది. ఒకరు మళ్ళీ చేశారు, ఒకరు చేయలేదు. చేయనివారు సున్నత్‌కు అనుగుణంగా నడిచారనీ, చేసినవారికి రెట్టింపు పుణ్యమనీ దైవప్రవక్త (స) అన్నారు. మా అత్తగారు ఇక ఆ ప్రస్తావన తేలేదు.

సజ్జరొట్టె, సాంగ్రీ కూర, మజ్జిగ పెట్టారు. వద్దంటున్నా మా ఖాళీ సీసాలన్నీ టాంకా నీటితో నింపారు. మావారు డబ్బు ఇవ్వబోతే పెద్దాయన చేయి వెనక్కి నెట్టి, వానల కోసం దుఆ చేయమని మాత్రం అడిగారు. బేరీ చూడాలన్న మావారి కోరిక ఆ చీకట్లో తీరకుండానే పోయింది.

ఇప్పుడు జూలై నడుస్తోంది. మా అత్తగారు రోజూ మగ్రిబ్ అయ్యాక మనవరాలిని పిలిచి ఫోన్‌లో చూడమంటున్నారు, బాడ్‌మేర్‌లో వాన పడిందా అని.