పాట కూడు పెడుతుందా?

"పాట కూడు పెడుతుందా, జోకు గుడ్డ పెడుతుందా?" ఈ మాట వినపడని తెలుగిల్లు ఎక్కడైనా ఉంటుందా చెప్పండి! పిల్లవాడు లెక్కల పుస్తకం పక్కన పెట్టి హార్మోనియం ముందు కూర్చున్నా, ఆడపిల్ల పక్కింటి మామ్మగారి నడకా మాటా అనుకరించి పదిమందినీ నవ్వించినా మొదట ముచ్చటపడేదీ మనమే, పదో తరగతి రాగానే "ఇంక చాల్లే" అనేదీ మనమే. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఇల్లు నడపడానికి ఒకటో తారీఖు ఎంత ముఖ్యమో ఇల్లాలికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

మనం ఇంతగా మెచ్చుకునే గాయకులూ, హాస్యనటులూ అసలు ఆ దారిలోకి ఎలా వచ్చారా అని కొందరి కథలు చదువుతూ వచ్చాను. ప్రతిభ ఉంది, అదృష్టం ఉంది, కాదనను. కానీ నా కంటికి ఆనింది వేరే సంగతి. వాళ్ళ విద్య వాళ్ళకి అన్నం పెట్టేదాకా ఇంకెవరో, ఇంకేదో అన్నం పెట్టింది. కొందరికి సర్కారు ఉద్యోగం, కొందరికి గురువుగారి ఇల్లు, కొందరికి ముక్కూ మొహం తెలియని ఇల్లాళ్ళు.

ఘంటసాల గారి సంగతే చూడండి. 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. పదకొండో ఏట తండ్రి పోయారు. సంగీతం బాగా నేర్చుకోమన్నది ఆ తండ్రి చివరి కోరిక. మేనమామ పెంపకంలో ఉంటూ సంగీతం చెప్పేవాళ్ళని వెతుక్కుంటే, ఒక గురువుగారింట్లో బట్టలు ఉతకాల్సి వచ్చింది, ఇంకొకరి ఇంట్లో వంట చేయాల్సి వచ్చింది. పాఠం మాత్రం అంతంతే. ఆఖరికి ఇంట్లో చెప్పకుండా, వేలికున్న ఉంగరం అమ్ముకుని విజయనగరం రైలెక్కారు. తీరా వెళ్ళేసరికి అక్కడి సంగీత కళాశాలకి వేసవి సెలవులు!

తర్వాత ఆయన పడిన పాట్లు చదివితే మనసు కలుక్కుమంటుంది. వారాలు చెప్పుకుని తిన్నారు. తోటి పిల్లల తప్పు నెత్తిన పడి కాలేజీలో చోటు పోతే, గుడిలో తలదాచుకుని జోలె కట్టి మధూకరం ఎత్తారు. మధ్యాహ్నం తినగా మిగిలిన మెతుకులు గుడ్డలో మూటగట్టి, రాత్రికి చీమలు దులుపుకుని తిన్న రోజులున్నాయంటారు. అప్పుడు పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంటికి పిలిచి, దగ్గరుంచుకుని సంగీతం చెప్పారు. ఆ శాస్త్రిగారూ ఉన్నవారేమీ కాదు. చెప్పిన పాఠానికి డబ్బు పుచ్చుకోలేదు.

ఇక్కడ నాకు ఒకటనిపిస్తుంది. ఘంటసాల గారి గురించి రాసేవాళ్ళు గురువుగారి పేరు రాస్తారు, సినిమాల పేర్లు రాస్తారు. ఆ జోలెలో అన్నం వేసిన ఇల్లాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు. ఎలా రాస్తారు లెండి, వాళ్ళకే తెలియదు ఎవరికి పెట్టారో! ఎవరో బీద కుర్రాడు, పొద్దున్నే పాడుకుంటూ వచ్చాడు, పిడికెడు పెట్టాం అనుకుని లోపలికి వెళ్ళిపోయి ఉంటారు.

చదువయ్యాకైనా దారి సుఖంగా సాగిందా అంటే అదీ లేదు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకి వెళ్ళొచ్చారు. పెళ్ళయింది. అత్తవారి ఊరు పెదపులివర్రులో సముద్రాల సీనియర్ గారు ఆయన పాట విని మద్రాసు రమ్మన్నారు. అక్కడ పానగల్ పార్కులో పడుకుని, కోరస్‌లో పదిమందితో గొంతు కలిపి, 1945లో 'స్వర్గసీమ'లో భానుమతి గారితో పాడారు. 'పాతాళ భైరవి' వచ్చింది 1951లో. ఉంగరం అమ్మిన రోజు నుంచి లెక్కేసుకోండి ఎన్నేళ్ళో.

ఆ విజయనగరం సంగీత కళాశాల మామూలు చోటు కాదు. 1919లో మహారాజావారు పెట్టించారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడు గారికి చిన్నప్పటి నుంచీ చూపు మందం. బడిలో నల్లబల్ల మీది అక్షరాలు కనపడక చదువు ఆగిపోతే, అన్నగారు వయొలిన్ నేర్పారు. విద్యార్థిగా చేరదామని ఈ కాలేజీకి వెళితే, ఆయన వాయించింది విని ఏకంగా ఆచార్యుడిగా వేసుకున్నారని చెబుతారు. అప్పటికి ఆయనకి 26 ఏళ్ళు. నారాయణదాసు గారి తర్వాత 1936లో ప్రిన్సిపాలు అయ్యారు.

పి. సుశీల గారు నేర్చుకున్నదీ ఆ కాలేజీలోనే. నాన్నగారు వకీలు. కూతురు కచేరీలు చేసే విదుషీమణి కావాలని ఆయన కోరిక. ఆమె మద్రాసు రేడియోలో పాడుతుండగా, కొత్త గొంతుల కోసం చూస్తున్న పెండ్యాల నాగేశ్వరరావు గారు ఎంపిక చేసి 1953లో 'కన్నతల్లి' సినిమాలో పాడించారు. తర్వాత ఏ.వి.ఎం. స్టూడియోలో నెలజీతానికి గాయనిగా చేరారు. ఆ రోజుల్లో గాయనికి నెలజీతమంటే మామూలు విషయమా! ఆడపిల్లని పాటకి పంపమనే తండ్రికి నలుగురిలో చెప్పుకోవడానికి "ఉద్యోగం" అన్న మాట దొరికింది.

బాలసుబ్రహ్మణ్యం గారు ఇంజనీరు కాబోయి గాయకుడయ్యారు. నాన్నగారు సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. బాలు అనంతపురంలో ఇంజనీరింగులో చేరితే టైఫాయిడ్ వచ్చి మానాల్సి వచ్చింది. మద్రాసులో ఏ.ఎం.ఐ.ఈ. చదువుతూ, 1964లో ఒక తెలుగు సంస్థ పెట్టిన పాటల పోటీలో పాడారు. అప్పుడాయన్ని గుర్తించిన ఎస్.పి. కోదండపాణి గారే 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'లో మొదటి పాట పాడించారు. సినిమా విడుదలైంది 1967లో. చూశారా, ఇక్కడా చదువు మానలేదు, పాటా మానలేదు. తర్వాత తను పెట్టిన రికార్డింగ్ థియేటరుకి కోదండపాణి గారి పేరే పెట్టుకున్నారు.

ఇక నవ్వించేవాళ్ళ సంగతికి వస్తే, వీళ్ళలో ఉద్యోగస్తులు ఎంతమందో! తెరమీద ఎంత వెర్రిబాగులవాళ్ళలా కనిపించినా జీవితంలో లెక్క తెలిసినవాళ్ళే. బ్రహ్మానందం గారు అత్తిలిలో తెలుగు లెక్చరరు. ఎం.ఎస్. నారాయణ గారు భీమవరంలో తెలుగు లెక్చరరు. ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు ప్రభుత్వోద్యోగి, దూరదర్శన్‌లో 'ఆనందో బ్రహ్మ'తో ఇంటింటికీ తెలిశారు. ఏ.వి.ఎస్. గారు పత్రికా విలేఖరి, 1993లో బాపు గారి 'మిస్టర్ పెళ్ళాం'తో నటుడయ్యారు. కోట శ్రీనివాసరావు గారు బ్యాంకులో పనిచేశారు.

బ్రహ్మానందం గారి తండ్రిది వడ్రంగం, ఇంట్లో ఎనిమిదిమంది పిల్లలు. తండ్రిగారి స్నేహితుడొకాయన సాయంతో భీమవరంలో డిగ్రీ దాకా చదివారు. ఇంకొక తల్లి ఆదరణతో గుంటూరులో ఎం.ఏ. చేశారు. మళ్ళీ అదే సంగతి! ఎవరో అన్నం పెట్టారు, ఎవరో ఫీజు కట్టారు. క్లాసులో పాఠం, సాయంత్రాలు మిమిక్రీ. 1987లో జంధ్యాల గారి 'అహ నా పెళ్ళంట'లో అరగుండు వేషం దొరికేనాటికి ఆయన ముప్పై దాటినవారు. పదిహేడేళ్ళకే పిల్లలు తేలిపోవాలని తొందరపడే తల్లిదండ్రులు ఈ అంకె ఒక్కటి గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

వరంగల్లు నేరెళ్ళ వేణుమాధవ్ గారు మరీ విచిత్రం. సినిమా మీద ఆధారపడకుండానే మిమిక్రీని ఒక కళగా నిలబెట్టారు. ఆయనా బడిలో పంతులుగా పనిచేసినవారే. 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారు, 2001లో పద్మశ్రీ వచ్చింది. నవ్వులాట అనుకున్నది ఇప్పుడు చదువు కూడా అయింది. తెలుగు విశ్వవిద్యాలయంలో మిమిక్రీకి డిప్లమా కోర్సు పెట్టారు.

ఈ సంగతి నేను ఊరికే చూడలేదు లెండి. మా పెద్దమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం. గొంతులు మార్చి మాట్లాడిందంటే మా వారు కూడా పేపరు మడిచి పక్కన పెట్టి వింటారు. చదువయ్యాక ప్రోగ్రాములు ఇచ్చే బృందంలో చేరతానంటోంది. "పెళ్ళికావలసిన పిల్ల, స్టేజీ మీద వెకిలి వేషాలేమిటి?" అని మా ఆడపడుచు మొహమ్మీదే అంది. మేమిద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. డిగ్రీ పూర్తి చేయాలి. ఆ తర్వాత రెండేళ్ళు ఇంట్లో అన్నానికి, బస్సు ఛార్జీలకి లోటుండదు, సంబంధాలూ చూడం. ఆ రెండేళ్ళలో ఏదైనా చిన్న ఉద్యోగం చేసుకుంటూ ప్రోగ్రాములు ఇచ్చుకోవచ్చు. రెండేళ్ళయ్యాక మళ్ళీ మాట్లాడుకుంటాం. మగపిల్లలకి ఎవరో ఒకరు ఇచ్చిన గడువే కదా ఇది, ఆడపిల్లకి మాత్రం ఎందుకివ్వకూడదు?

ఎందుకంటే ఆడవాళ్ళ కథలు చదివితే "ఉద్యోగం చేసుకుంటూ నెమ్మదిగా" అన్న దారి పాతరోజుల్లో వాళ్ళకి పెద్దగా కనపడదు. శ్రీలక్ష్మి గారిని తీసుకోండి. జంధ్యాల గారి సినిమాల్లో ఆమె చేసిన హాస్యానికి పొట్ట పట్టుకుని నవ్వాం. ఆమె తండ్రి అమర్‌నాథ్ గారు ఒకప్పటి కథానాయకుడు. ఆయన ఆరోగ్యం పాడై ఇల్లు గడవని పరిస్థితి వస్తే కూతురు మేకప్ వేసుకుంది. ఇంట్లో కష్టం, సెట్టులో నవ్వు. ఇక్కడ పాట కూడు పెడుతుందా అని అడిగే తీరికే లేదు, పెట్టి తీరాల్సిందే.

సూర్యకాంతం గారిది మరో రకం ధైర్యం. కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో 1924లో, తల్లిదండ్రులకి పధ్నాలుగో సంతానంగా పుట్టారు. సినిమాల మోజుతో మద్రాసు వెళ్ళి జెమినీ స్టూడియోలో డాన్సరుగా చేరితే నెలకి 65 రూపాయలన్నారు. ఈవిడ నేరుగా వాసన్ గారితోనే "ఇది చాలదు" అని చెప్పి 75 చేయించుకున్నారు! అంత పెద్ద సంస్థ అధిపతి ముందు నిలబడి, ఊరునుంచి వచ్చిన అమ్మాయి జీతం గురించి మాట్లాడడమంటే ఊహించుకోండి. 'సౌదామిని'లో కథానాయిక వేషం దొరికినా కారు ప్రమాదంలో మొహానికి దెబ్బ తగిలి చేజారిపోయింది. 1950లో 'సంసారం'లో గయ్యాళి అత్త వేషం వేశారు. ఆ ఏడే పెళ్ళి కూడా అయింది, నటన మాత్రం మానలేదు. కథానాయిక కాలేకపోయిన ఆమె పాత్ర పేరే 1962లో ఎన్.టి.ఆర్., ఏ.ఎన్.ఆర్. ఇద్దరూ ఉన్న సినిమాకి పేరయింది, 'గుండమ్మ కథ' అని. ఆమె గయ్యాళితనం తెరమీద ఎంత పండిందంటే ఆడపిల్లకి సూర్యకాంతం అని పేరు పెట్టడమే మానేశారు మనవాళ్ళు.

తెరమీద కోడలికి పట్టెడన్నం పెట్టడానికి ప్రాణం పోయినట్టు చేసే ఈవిడ, షూటింగుకి వచ్చేటప్పుడు మాత్రం ఇంట్లో చేసిన పులిహోరా, పిండివంటలూ క్యారియర్లలో తెచ్చి, కొసరి కొసరి అందరికీ వడ్డించేవారట. ఆమెతో పనిచేసినవాళ్ళు ఒకరు కాదు, చాలామంది చెప్పిన మాట ఇది.