స్టార్టర్ డబ్బాలో ఆ కాస్త ఎడం: అపోహలు – వాస్తవాలు

జూరాల ప్రాజెక్టు దగ్గర్లోని అమరచింత పొలాల్లోనైనా, మరెక్కడైనా, బోరు మోటారు స్టార్టర్ డబ్బాలో ఇప్పుడు చాలాచోట్ల ఒక ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటోంది. ఒక ఫేజు పోతే మోటారును ఆపేస్తుంది, ఫోన్ చేస్తే నడిపిస్తుంది. అరచేతంత ఆ బోర్డు మీద 415 వోల్టుల రాగి దారులూ, 5 వోల్టులతో పనిచేసే చిప్పూ పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో వదిలిన ఎడమే రక్షణ. ఆ ఎడం గురించి కొన్ని అపోహలు గట్టిగా పాతుకుపోయాయి.

అపోహ: మిల్లీమీటరు గాలి 3,000 వోల్టులను ఆపుతుంది కాబట్టి, అర మిల్లీమీటరు చాలు.

వాస్తవం: 415 వోల్టులన్నది ఒక రకమైన సగటు (ఆర్‌ఎంఎస్) లెక్క, ప్రతి తరంగంలోనూ శిఖరం 587 వోల్టుల దాకా వెళ్తుంది. ఎక్కడో పిడుగు పడినా, లైన్లో పెద్ద లోడు ఆగినా క్షణకాలం వేల వోల్టులు వస్తాయి. అందుకే 230/400 వోల్టుల లైనుకు శాశ్వతంగా బిగించే పరికరాలు 4,000 వోల్టుల తాకిడిని తట్టుకోవాలనీ, గాలిలో 3 మి.మీ. ఎడం ఉండాలనీ ఐఈసీ 60664-1 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది.

అపోహ: గాలిలో ఎడం సరిపోతే బోర్డు మీదా సరిపోయినట్టే.

వాస్తవం: బోర్డు ఉపరితలం వెంట కొలిచే దూరం వేరు. దాన్ని క్రీపేజ్ అంటారు. పొలం దుమ్ము బోర్డు మీద పేరుకుంటుంది. రాత్రి చెమ్మకు అది తడిసి, సన్నగా కరెంటు పారుతుంది. ఆ వేడికి తడి అక్కడక్కడ ఆరిపోతుంది, ఆరిన చోట చిన్న నిప్పురవ్వ పుడుతుంది. రవ్వ తగిలిన చోటల్లా బోర్డు బొగ్గవుతుంది. బొగ్గులో కరెంటు పారుతుంది కనుక, కొమ్మలు చాచినట్టు నల్లటి గీత పెరుగుతూ ఒక రోజు అవతలి దారిని అందుకుంటుంది. 400 వోల్టులకు మామూలు ఫైబర్ బోర్డు మీద ఇంటిలోపలి పరిస్థితుల్లో 4 మి.మీ. చాలు, దుమ్మూ చెమ్మా కలిసే చోట 6.3 మి.మీ. కావాలి.

అపోహ: బోర్డు మీది పచ్చ పూత ఇన్సులేషనే.

వాస్తవం: టంకం అంటకూడని చోట అంటకుండా చూడటం దాని పని. మందం మైక్రాన్లలోనే ఉంటుంది, సూది రంధ్రాలుంటాయి, టంకం పెట్టే చోట అసలు పూతే ఉండదు. భద్రత లెక్క దాని మీద వేయకూడదు.

అపోహ: బోర్డులో కోసిన సన్నని సందు గాలి ఆడటానికే.

వాస్తవం: ఫోన్ చార్జర్లలో కూడా కనిపించే ఆ సందు, ఉపరితల దారిని చుట్టు తిప్పి పొడవు పెంచుతుంది. దుమ్ము చేరే చోట అది కనీసం 1.5 మి.మీ. వెడల్పుండాలి; అంతకంటే ఇరుకైతే లెక్కలోకి రాదు.

అపోహ: కాలిన చోట గీకి టంకం వేస్తే సరి.

వాస్తవం: బొగ్గు ఫైబర్ లోపలికి దిగుతుంది. కొంచెం మిగిలినా మళ్లీ అక్కడే అంటుకుంటుంది. ఆ భాగాన్ని పూర్తిగా కోసి తీసేయాలి, లేదంటే బోర్డే మార్చాలి.

రైతులు చేయగలిగిందీ ఉంది. డబ్బా మూత బిగువుగా ఉండాలి, కేబుల్ దూరే రంధ్రాలు మూసి ఉండాలి. డబ్బా తెరిచే ముందు మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజులు తీసేయండి. తడి చేత్తో ముట్టుకోకండి. నల్లటి గీత కనిపిస్తే మోటారు వేయకుండా మెకానిక్‌ను పిలవండి.