అమ్మ కొట్టుకు అంతటా కనిపించే బోర్డు

పిల్లలూ! ఎవరైనా కొత్తగా కొట్టు పెడితే మొదట ఏం చేస్తారు? గుమ్మం మీద బోర్డు కడతారు. కానీ ఆ బోర్డు ఆ వీధిన పోయేవాళ్లకే కదా కనిపిస్తుంది! పై ఊళ్లవాళ్లకు కూడా కనిపించే బోర్డు ఒకటుంది. అదే వెబ్‌సైటు.

మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి వాళ్లమ్మ ఇంట్లోనే కారప్పొడులు కొట్టి అమ్మడం మొదలుపెట్టింది. వెబ్‌సైటు చేసిపెట్టమని ఒకరిని అడిగితే, పెట్టుబడిలో సగం చెప్పారట. ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, “మాస్టారూ, అది మనమే చేసుకోలేమా?” అని అడిగింది. ఎందుకు చేసుకోలేం! అయితే ముందు అదేమిటో తెలుసుకోవాలి. వెబ్‌సైటుకు కావలసినవి మూడే మూడు: ఒక కాగితం, ఒక ఇల్లు, ఒక చిరునామా.

కాగితం

వెబ్ పేజీ అంటే అసలు వట్టి అక్షరాలే. ఏది శీర్షికో, ఏది పేరానో, ఎక్కడ బొమ్మ రావాలో చెప్పడానికి మధ్యమధ్య గుర్తులు పెడతాం. లెక్కల్లో ‘కంటె చిన్నది’, ‘కంటె పెద్దది’ అనడానికి వాడే గుర్తులున్నాయే, వాటి మధ్య ఒకటి రెండు ఇంగ్లీషు అక్షరాలు రాస్తే చాలు. ఈ రాతపద్ధతి పేరు హెచ్‌టీఎంఎల్. బ్రౌజరు ఆ గుర్తులను చదువుకుని, వాటిని మనకు చూపకుండా, అవి చెప్పినట్లు పేజీని అమరుస్తుంది.

తెలుగు సంగతేమిటంటారా? కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. అందుకని ప్రపంచంలోని ఎన్నో లిపులకు యూనికోడ్ అనే పట్టికలో అంకెలు కేటాయించారు. అందులో మన ‘అ’ సంఖ్య 3077, ‘క’ సంఖ్య 3093. ఏ పద్ధతిలో రాశామో పేజీ మొదట్లోనే చెప్పాలి. చెప్పకపోతే ‘కారప్పొడి’ అన్న చోట పిచ్చి గుర్తులు కనిపించవచ్చు సుమా!

ఇల్లు

రాసిన పేజీ మన దగ్గరే ఉంటే ఎవరు చూస్తారు? రాత్రీ పగలూ మేలుకుని ఉండి, అడిగినవారికల్లా దాని నకలు పంపే కంప్యూటరు ఒకటి కావాలి. దానినే సర్వర్ అంటారు. 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఈ ఏర్పాటును ప్రతిపాదించాడు. మొదటి సర్వర్ ఆయన బల్లమీది కంప్యూటరే. ఎవరైనా పొరపాటున ఆపేస్తారేమోనని, ‘ఇది సర్వర్, ఆపవద్దు’ అనే అర్థం వచ్చేలా దానికొక చీటీ అంటించాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ విధానాన్ని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. మనమూ స్వేచ్ఛగా పేజీ రాసుకోగలుగుతున్నామంటే దానివల్లే.

మన ఇంట్లో కరెంటు పోతుంటుంది కనుక సర్వర్‌లో చోటు అద్దెకు తీసుకుంటాం. మామూలు పేజీలకు ఉచితంగా చోటిచ్చే సంస్థలూ ఉన్నాయి.

చిరునామా

ఇంటర్‌నెట్‌లో యంత్రాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టేది అంకెలతోనే. ఆ అంకెలు మనకు గుర్తుండవు. ఫోనులో పేరు నొక్కితే నంబరు కలిసినట్లే, ఇక్కడ కూడా పేరును అంకెలుగా మార్చిపెట్టే ఏర్పాటు ఉంది. దానిని 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించాడు.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి. ఆ పేరు మనం కొనేసేది కాదు, ఏళ్ల లెక్కన అద్దెకు తీసుకునేది. గడువు దాటిపోయినా కట్టకపోతే మరొకరు తీసుకోవచ్చు. కనుక పేరు నమోదు చేసేటప్పుడు చేసిపెట్టినవారి పేరున కాక, వ్యాపారం చేసేవారి పేరుననే చేయించాలి. లేకపోతే కొట్టు మనది, బోర్డు ఇంకొకరిది అవుతుంది!

పేజీ ఎందుకు తెరుచుకోలేదు?

నాలుగు ఆదివారాల్లో ఆ అమ్మాయి పేజీ తయారైంది. మర్నాడే పక్క ఊరి నుంచి ఒకావిడ ఫోను చేసి, “మీ పేజీ ఎంతకీ తెరుచుకోదేమమ్మా?” అంది. తల్లి ముఖం చిన్నబోయింది. పొడి రుచి చూడకముందే కొనేవాళ్లు వెళ్లిపోతున్నారు మరి!

కారణం లెక్క వేస్తే తేలింది. ఫోనుతో తీసిన ఫోటోలు 10 ఉన్నాయి. ఒక్కోటి 4 మెగాబైట్లు. మొత్తం 40 మెగాబైట్లు. బైటుకు 8 బిట్లు కనుక 320 మెగాబిట్లు. సిగ్నలు సరిగా లేనిచోట సెకండుకు 2 మెగాబిట్లే వస్తే 160 సెకండ్లు పడుతుంది. అంతసేపు ఎవరు ఆగుతారు?

ఒక్కో ఫోటోలో అడ్డంగా 4000, నిలువుగా 3000 చుక్కలున్నాయి. ఫోను తెరకు అడ్డంగా 1000 చుక్కలు సరిపోతాయి. ఫోటోను 1000, 750కి కుదించాం. చుక్కలు 16వ వంతుకు తగ్గాయి, బరువూ సుమారుగా అంతే తగ్గింది. 160 సెకండ్లు 10 సెకండ్లయ్యాయి. పైగా ధరలు, ఫోను నంబరు అక్షరాల్లోనే రాశాం కనుక, బొమ్మలకంటె ముందే అవి కనిపించాయి. ఆ వారంలోనే ఆ ఊరావిడ అరకిలో కందిపొడి, పావుకిలో కరివేపాకు పొడి తెప్పించుకుంది.

మీరూ చేసి చూడండి

బడిలోని కంప్యూటరులో నోట్‌ప్యాడ్ తెరవండి. మీ ఇంటి కొట్టు పేరు, దొరికే వస్తువులు, ధరలు రాయండి. ఫైలు పేరు చివర చుక్కపెట్టి ఇంగ్లీషులో హెచ్‌టీఎంఎల్ అని చేర్చి దాచండి. దాన్ని బ్రౌజరులో తెరవండి. గుర్తులు పెట్టలేదు కనుక అంతా ఒకే పేరాగా కనిపిస్తుంది. ఇప్పుడు మీ మాస్టారినడిగి ఒక్కొక్క గుర్తే చేర్చి, ఏం మారుతుందో గమనించండి. దీనికి ఇంటర్‌నెట్ కూడా అక్కర్లేదు.

ఒక్క మాట. పేజీని నలుగురికీ కనిపించేలా పెట్టేముందు పెద్దవాళ్లకు చూపించండి. ఫోను నంబరు అంకె అంకె సరిచూడండి. పాత ధరలు అలాగే ఉంచకండి, లేని సరుకు ఉందని రాయకండి. గుమ్మం మీది బోర్డులో తప్పుంటే వీధికే తెలుస్తుంది. ఈ బోర్డులో తప్పుంటే అన్ని ఊళ్లకూ తెలుస్తుంది!