సర్వీసు చేశాక బాయిలర్ ఎందుకు మొరాయిస్తుంది?

బ్రిటన్‌లో చలికాలం వస్తే చాలా ఇళ్లకు గ్యాస్ బాయిలరే దిక్కు. గదులను వెచ్చబరిచే రేడియేటర్లకూ, కుళాయికీ వేడినీళ్లు పంపేది అదే. ఏటా దాన్ని తనిఖీ చేసి, అవసరమైతే విప్పి శుభ్రం చేసి బిగిస్తారు. నిన్నటిదాకా చక్కగా పనిచేసిన బాయిలర్ ఒక్కోసారి ఆ తర్వాతే ఆగిపోతుంది. ఎందుకు?

ముందు చూడాల్సింది ప్రెజర్ మీటరు. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు ముల్లు సాధారణంగా 1, 1.5 బార్ల మధ్య ఉండాలి. సర్వీసులో తీసేసిన నీళ్లు మళ్లీ సరిపడా నింపకపోతే బాయిలర్ వెలగదు.

అసలు విశేషం మంట దగ్గరుంది. బర్నర్ పక్కనే సన్నని లోహపు కడ్డీ ఒకటి ఉంటుంది. మంటలో అయాన్లు ఉంటాయి కాబట్టి ఆ కడ్డీ నుంచి మంట గుండా అతి స్వల్పంగా, మైక్రోఆంపియర్లలో, కరెంటు పారుతుంది. కరెంటు పారుతోందంటే మంట ఉన్నట్టే! శుభ్రం చేసేటప్పుడు కడ్డీ వంగినా, వైరు వదులైనా ఆ కబురు సర్క్యూట్ బోర్డుకు అందదు. అప్పుడు మంట నిక్షేపంగా వెలుగుతున్నా బాయిలర్ కొన్ని సెకన్లలోనే గ్యాస్ ఆపేస్తుంది. కాలని గ్యాస్ లోపల పోగుపడకుండా చేసిన ఈ ఏర్పాటు ఎంతో తెలివైనది.

బాయిలర్ ఆగిపోతే దాని తెర మీద కనిపించే ఎర్రర్ కోడ్ రాసుకుని, సర్వీసు చేసినవారినే పిలవాలి. మూత మాత్రం ఇంట్లోవాళ్లు విప్పకూడదు. బ్రిటన్‌లో గ్యాస్ పనులు వృత్తిగా చేసేవాళ్ల పేరు 'గ్యాస్ సేఫ్ రిజిస్టర్'లో ఉండి తీరాలి.