చంటిబిడ్డతో లాడ్జిలో దిగితే...

ఏడాది నిండితే పుట్టువెంట్రుకలు. మన ఇళ్లలో చాలామంది పిల్లలకు మొదటి దూరప్రయాణం తిరుపతికే. తప్పటడుగులు వేస్తూ, చేతికందిందల్లా నోట్లో పెట్టుకునే వయసు అది. రాత్రంతా రైల్లో నలిగి, తెల్లారకుండానే లాడ్జి చేరి, పెద్దవాళ్లు బ్యాగులు పడేసి మంచమెక్కే వేళకు బిడ్డ నిద్ర తీరి హుషారుగా ఉంటుంది. ఇంట్లో ఏ మూల ఏముందో తల్లికి తెలుసు. ఈ గదిలో నిన్న ఎవరున్నారో, మంచం కింద ఏం వదిలి వెళ్లారో ఎవరికీ తెలియదు.

అందుకే ఒకరు బిడ్డను ఎత్తుకుని ఉంటే, ఇంకొకరు మోకాళ్ల మీద గదంతా ఓ చుట్టు చుట్టాలి. చూసేవాళ్లు నవ్వితే నవ్వనీయండి. నిలబడి చూస్తే తళతళలాడే గదిలోనే మంచం కింద మాత్రలు, రూపాయి బిళ్లలు, పిన్నీసులు దొరుకుతాయి. అన్నిట్లోకీ చెడ్డది బటన్ బ్యాటరీ. అన్నవాహికలో ఇరుక్కుంటే 2 గంటల్లోనే లోతుగా కాల్చేస్తుంది. మింగిందన్న అనుమానం చాలు, ఎక్స్‌రే ఉన్న ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

తర్వాత బాత్రూమ్. వాష్‌బేసిన్‌లో, నీళ్లు పోయే జాలీ మీద తెల్లగా కలరా ఉండలు కనిపిస్తాయి. మనకవి శుభ్రతకు గుర్తు, బిడ్డకు పటికబెల్లం. వాటిలో చాలావరకు ఉండేది నాఫ్తలీన్. కడుపులోకి పోతే ఎర్ర రక్తకణాలు చితికిపోవచ్చు. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతో తక్కువున్న పిల్లలకు ఈ ముప్పు మరీ ఎక్కువ. తమ బిడ్డకు ఆ లోపం ఉందని తెలియని తల్లిదండ్రులే ఎక్కువ. రూమ్‌బాయ్‌ని పిలిచి తీయించేయండి. వాసన వస్తే రానీయండి.

దర్శనం టైముకు అందుకోవాలని తెల్లవారుజామునే స్నానాల హడావుడి. గీజర్ నీళ్లు బకెట్ నిండా పట్టి, చన్నీళ్లు కలిపేలోపు ఎవరో పిలుస్తారు. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే 5 సెకన్లలో లోతుగా కాలుస్తాయి, పసిచర్మం అంతసేపు కూడా ఆగదు. ముందు చన్నీళ్లు పట్టి, ఆ తర్వాతే వేడినీళ్లు కలపండి. పనయ్యాక బకెట్ బోర్లించేయండి. ఈ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. తొంగిచూసి తలకిందులుగా పడితే జానెడు నీళ్లలోంచి కూడా బిడ్డ లేవలేదు. తలుపు పైఅంచున మందపాటి టవల్ వేస్తే, లోపలికి దూరి గడియ పెట్టుకునే బెడదా ఉండదు.

డబుల్ కాట్ అని చెప్పేది చాలాచోట్ల రెండు సింగిల్ మంచాలే. నిద్రలో బిడ్డ మధ్య సందులోకి జారితే ఊపిరాడదు. ఎక్స్‌ట్రా బెడ్ అడిగి నేలమీద పరిపించుకోవడం నయం.

బాల్కనీ ఉంటే కుర్చీలు లోపలికి తెచ్చి, తలుపు పైబోల్టు వేసేయాలి. కుర్చీ ఎక్కడం వచ్చిన బిడ్డకు రెయిలింగ్ ఎంతెత్తున్నా ఒకటే. అసలు బుక్ చేసేటప్పుడే బాల్కనీ లేని గది అడగడం మేలు.

సాకెట్లకు పెట్టే ప్లాస్టిక్ మూతల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఊడొచ్చాయంటే అవే నోట్లోకి పోతాయి. స్విచ్ ఆపి, సూట్‌కేసు అడ్డం పెడితే సరిపోతుంది.

ఇక నానమ్మ హ్యాండ్‌బ్యాగు. గది ఎంత వెతికినా, బీపీ, షుగర్ మాత్రలున్న ఆ సంచి మంచం మీదే జిప్పు తీసి ఉంటుంది. కొన్ని రకాల షుగర్ మాత్రలు ఒక్కటి మింగినా పసివాళ్ల రక్తంలో చక్కెర ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది. ఆ సంచిని అల్మరా పైన పెట్టండి. “నా మాత్రలేవే కోడలా” అని ఆవిడ పూటకోసారి విసుక్కున్నా సరే, దించి ఇచ్చి మళ్లీ పైనే పెట్టండి.