పల్చని రేకు, బరువైన నిర్ణయం

ఇంజన్ విప్పినప్పుడు ఏ హెడ్ గాస్కెట్ వేయాలన్నది ధర కాదు, లోహం తేల్చాలి. ఆయువు తీరవస్తున్న కోల్‌కతా పసుపు ట్యాక్సీలకు ఇదే చివరి పరీక్ష

దక్షిణాది నుంచి వచ్చే చాలా రైళ్లకు కోల్‌కతా వాకిలి సంత్రాగాఛి. అక్కడ దిగి నగరంలోకి వెళ్లాలంటే కోనా ఎక్స్‌ప్రెస్‌వే పట్టుకుని విద్యాసాగర్ సేతు ఎక్కాలి. పేరుకు ఎక్స్‌ప్రెస్‌వేనే అయినా రద్దీ వేళల్లో అక్కడ సాగేది నత్తనడకే. ఆ ఇక్కట్లు తీర్చడానికి 7.2 కి.మీ. ఎలివేటెడ్ రోడ్డుకు 2025 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. అది పూర్తయ్యేదాకా మొదటి గేరులో పాకుతూ, ఆగుతూ, మళ్లీ పాకుతూ వెళ్లడం అంబాసిడర్ ట్యాక్సీకి తప్పదు. బండి వేగంగా పోతుంటే రేడియేటర్‌కు ఎదురుగాలి తగులుతుంది. నిలబడిపోతే ఫ్యాన్ గాలే దిక్కు. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంటే బెల్టుతో నడిచే ఫ్యాన్ కూడా నెమ్మదిగానే తిరుగుతుంది. నీరు మరుగుతుంది, హెడ్ వేడెక్కుతుంది. అప్పుడు ముందుగా చేతులెత్తేసేది సిలిండర్ బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఇరుక్కుని ఉండే గాస్కెట్.

ఈ ట్యాక్సీల విషయంలో గాస్కెట్ ఎంపిక బతుకుతెరువు లెక్క కూడా. సంత్రాగాఛికి ఉత్తరాన, హుగ్లీ నది ఇదే ఒడ్డున ఉన్న ఉత్తరపాడా కర్మాగారంలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ ఉత్పత్తిని 2014 మేలో ఆపేసింది. కలకత్తా హైకోర్టు 2008లో ఇచ్చిన ఆదేశంతో మహానగర ప్రాంతంలో 15 ఏళ్లు దాటిన వాణిజ్య వాహనాలు రోడ్డు దిగాల్సి వచ్చింది. ఆ లెక్కన ఆఖరి బండ్లకు కూడా 2029తో గడువు తీరిపోతుంది. రెండు మూడేళ్ల ఆయువున్న బండికి ఇంజన్ పని మీద ఎంత పెట్టాలి? చవగ్గా కానిచ్చేస్తే ఏడాదిలోపే మళ్లీ విప్పాల్సి రావచ్చు. ఖరీదైన సరుకు వేస్తే డబ్బు వెనక్కి రాకముందే బండి తుక్కు కావచ్చు. రెండో ప్రమాదం కంటే మొదటిదే పెద్దది. గాస్కెట్ ధర ఎంతైనా, హెడ్ విప్పి బిగించే కూలీ, బండి షెడ్డులో ఉన్నన్ని రోజులు పోయే రాబడి దానికన్నా ఎక్కువే.

మూడు పోరాటాలు, ఒక్క రేకు

గాస్కెట్ ఒకేసారి మూడింటిని అదుపు చేయాలి. సిలిండర్‌లో భగ్గుమనే వాయువులు బయటికి పోకూడదు. చల్లబరిచే నీరు దారి తప్పకూడదు. ఒత్తిడితో వచ్చే ఆయిల్ నీటిలో కలవకూడదు. వీటిలో ఏది తప్పినా లక్షణాలు బయటపడతాయి. సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్లపొగ, రేడియేటర్‌లో బుడగలు, ఆయిల్ మూత కింద మీగడలాంటి జిడ్డు, ఎక్కడా కారకుండానే తగ్గిపోయే నీరు.

అయితే గాస్కెట్ దానంతట అది పోవడం తక్కువ. పూడుకుపోయిన రేడియేటర్, అరిగిన వాటర్ పంపు, పనిచేయని థర్మోస్టాట్, వంకర పోయిన హెడ్... దోషి వీటిలో ఏదో ఒకటై ఉంటుంది. కారణం వెతకకుండా కొత్తది వేయడమంటే రోగాన్ని వదిలేసి కట్టు మార్చినట్టే.

దుకాణంలో ఏముంది?

గాస్కెట్లలో ప్రధానంగా నాలుగు రకాలున్నాయి. మొదటిది రాగి రేకుల మధ్య ఆస్‌బెస్టాస్ పెట్టిన పాత తరం సరుకు. ఎగుడుదిగుళ్లను బాగా కప్పుకుంటుంది. కానీ అన్ని రకాల ఆస్‌బెస్టాస్ కేన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ పరిశ్రమల కార్మికుల ఆరోగ్య రక్షణపై మన సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు ఇచ్చింది. పాత ఇంజన్ విప్పేటప్పుడు అతుక్కుపోయిన గాస్కెట్‌ను పొడిగా గీకడం, ఎయిర్ పైపుతో ఊదడం ప్రమాదకరం. తడిపి, ధూళి లేవకుండా తీయాలి.

రెండోది కాంపోజిట్. మధ్యలో ఉక్కు రేకు, దానికి రెండు వైపులా గ్రాఫైట్ లేదా కృత్రిమ నార, సిలిండర్ రంధ్రాల చుట్టూ లోహపు అంచు. మూడోది ఎంఎల్ఎస్, అంటే పొరలు పొరలుగా పేర్చిన స్టెయిన్‌లెస్ స్టీలు. కొత్త కార్లలో ఎక్కువగా ఉండేది ఇదే. రేకుల మీద ఉబ్బెత్తుగా ఉండే గీతలు స్ప్రింగులా పనిచేస్తాయి. పైన పల్చని రబ్బరు పూత ఉంటుంది. నాలుగోది పూర్తి రాగి రేకు. రేసు కార్లకూ, విడి భాగాలు దొరకని పాత బండ్లకూ వాడతారు. ఒకసారి వాడితే రాగి గట్టిపడుతుంది కాబట్టి, మళ్లీ వేయాలంటే ఎర్రగా కాల్చి మెత్తబరచాలి.

లోహం మాటే చెల్లుబాటు

ఖరీదైన ఎంఎల్ఎస్ అన్నింటికన్నా మంచిదనుకోవడం పొరపాటు. దానికి అద్దంలాంటి ఉపరితలం కావాలి. గరుకుదనం సుమారు 0.8 మైక్రాన్లు మించకూడదు. కాంపోజిట్ అంతకు రెట్టింపు గరుకునూ భరిస్తుంది. పల్చని రబ్బరు పూత లోతైన గీతలను పూడ్చలేదు. గ్రాఫైట్ మాత్రం నలిగి వాటిలో కూర్చుంటుంది.

మరో అంశం వ్యాకోచం. వేడికి అల్యూమినియం పోత ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుకే ఇనుప బ్లాకు మీద అల్యూమినియం హెడ్ ఉన్న ఇంజన్‌లో గాస్కెట్ నిత్యం రుద్దుడుకు గురవుతుంది. ఆ కదలికను ఎంఎల్ఎస్ బాగా తట్టుకుంటుంది. బ్రిటిష్ మూలాలున్న పాత అంబాసిడర్ ఇంజన్‌లో బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. రెండూ ఒకేలా సాగుతాయి. దానికి ఉపరితలం సరిచేసి నాణ్యమైన కాంపోజిట్ వేస్తే చాలు.

అయితే సరిచేయడమన్నదే కీలకం. హెడ్ మీద నిలువుగా, అడ్డంగా, మూలల నుంచి మూలలకు స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూరుతుందేమో చూడాలి. చిన్న నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో సందు 0.05 మి.మీ. దాటితే అనుమానించాలి. 0.1 మి.మీ. దాటితే ఫేసింగ్ చేయించాల్సిందే. పగుళ్లు ఉన్నాయేమో ప్రెషర్ టెస్టు చేయించాలి. విజయవాడ ఆటోనగర్‌లాగే ఈ ప్రాంతానికీ లేత్ పనుల అండ ఉంది. హౌరాలోని బెలిలియస్ రోడ్డు చిన్న ఇంజనీరింగ్ షెడ్లకు పేరు. విడి భాగాలకు నది ఆవలి మల్లిక్ బజార్ ఉంది. బ్లాకును కూడా కొలవాలి. చాలామంది హెడ్‌తోనే సరిపెట్టుకుంటారు.

అర మిల్లీమీటరు లెక్క

ఫేసింగ్ చేసినప్పుడల్లా హెడ్ కొంత అరుగుతుంది. మంట మండే చోటు తగ్గి కంప్రెషన్ పెరుగుతుంది. గాస్కెట్ పల్చనైనా ఇదే జరుగుతుంది. 1,489 సీసీ అంబాసిడర్ ఇంజన్‌లో సిలిండర్ వ్యాసం సుమారు 73 మి.మీ. గాస్కెట్ అర మిల్లీమీటరు పల్చబడితే ఒక్కో సిలిండర్‌లో దాదాపు 2.1 సీసీ చోటు పోతుంది. 7.2 కంప్రెషన్ ఉన్న పెట్రోల్ ఇంజన్‌లో అది 7.4 అవుతుంది. పెద్ద తేడా లేదు. అదే కొలతల డీజిల్ ఇంజన్‌లో 23గా ఉన్న నిష్పత్తి 26కి ఎగబాకుతుంది. స్టార్టింగ్ కష్టం, బేరింగుల మీద భారం, వాల్వులు పిస్టన్‌ను తాకే ముప్పు దాని వెన్నంటే వస్తాయి.

అందుకే చాలా డీజిల్ ఇంజన్లకు కంపెనీలు రెండు మూడు మందాల్లో గాస్కెట్లు ఇస్తాయి. అంచున ఉండే గాట్లు లేదా రంధ్రాల సంఖ్యే వాటి గుర్తు. డయల్ గేజ్ పెట్టి, పిస్టన్ బ్లాకు మట్టం కన్నా ఎంత పైకి వస్తోందో ప్రతి సిలిండర్‌లోనూ కొలిచి, అన్నింటికన్నా ఎక్కువున్న అంకెను బట్టి మందం ఎంచుకోవాలి. పాతదానికి ఎన్ని గాట్లుంటే అదే తెచ్చుకోవడం తేలికే. కానీ పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు మార్చినా, బ్లాకు ఫేసింగ్ చేసినా ఆ గుర్తు చెల్లదు.

బిగింపులోనే బిగి

సరైన గాస్కెట్ తెచ్చినా బిగింపు తప్పితే ఫలితం సున్నా. బోల్టు రంధ్రాల్లో నీరు, ఆయిల్ మిగిలితే బిగించేటప్పుడు ఆ ఒత్తిడికి బ్లాకు పగలవచ్చు. మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకు వెళుతూ, మూడు నాలుగు విడతల్లో టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. సాగేలా తయారైన బోల్టులను మళ్లీ వాడకూడదు. పాత తరం కాంపోజిట్లలో కొన్నింటికి ఇంజన్ వేడెక్కి చల్లారాక మరోసారి బిగింపు కావాలి. ఎంఎల్ఎస్‌కు సాధారణంగా అక్కర్లేదు. దానికి కంపెనీ చెప్పకుండా జిగురు పూయకూడదు.

ఆఖరి అంబాసిడర్ యజమాని ముందున్న దారి ఇప్పుడు స్పష్టమే. ఇనుము మీద ఇనుమైతే మంచి కాంపోజిట్ కొని, మిగిలిన డబ్బు ఫేసింగ్‌కూ రేడియేటర్ శుభ్రతకూ పెట్టడం మేలు. అల్యూమినియం హెడ్ అయితే, అద్దంలాంటి ఫేసింగ్ చేయగల షెడ్డు దొరికితేనే ఎంఎల్ఎస్ గురించి ఆలోచించాలి. హెడ్ పగిలి ఉంటే ఏ గాస్కెటూ కాపాడదు. 2029 ఎలాగూ వస్తుంది. ఈలోగా బండి విద్యాసాగర్ సేతు ఎక్కుతుందా, కోనా రోడ్డు పక్కన బానెట్ ఎత్తుకుని నిలబడుతుందా అన్నది తేల్చేది మాత్రం స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్, పది నిమిషాల ఓపిక.