కౌమార బాలికలలో రక్తహీనత: గణాంకాలు, కారణాలు, పథకాల పరిధి

ఉపోద్ఘాతం

10 నుండి 19 సంవత్సరాల వయోదశను ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారంగా నిర్వచించింది. మనిషి పూర్తి ఎత్తులో సుమారు 15 నుండి 20 శాతం ఈ కాలంలోనే సమకూరుతుంది. రజస్వల అయిన నాటినుండి బాలిక నెలనెలా రక్తంతోపాటు ఇనుమును కూడా కోల్పోతుంది. అయినా మన పోషకాహార పథకాలకు చిరకాలంగా కేంద్రమైనవారు ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాలింతలు. ఈ రెండు దశల నడుమనున్న బాలిక స్థితిని భారతదేశ గణాంకాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

గణాంకాల తీరు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–19 ఏళ్ల బాలికలలో రక్తహీనత 2015–16లో 54.1 శాతం కాగా, 2019–21 నాటికి 59.1 శాతానికి పెరిగింది. అదే వయసు బాలురలో ఇది 31.1 శాతం. డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ బాలురకు 13 గ్రాములు, బాలికలకు 12 గ్రాములు ఉండాలన్నది ప్రమాణం. అంటే తక్కువ ప్రమాణంతో కొలిచినా బాలికలలోనే సమస్య దాదాపు రెట్టింపు.

సమగ్ర జాతీయ పోషకాహార సర్వే (2016–18) 10–19 ఏళ్ల బాలికలలో 40 శాతం, బాలురలో 18 శాతం రక్తహీనతను నమోదు చేసింది. మొదటి సర్వే వేలికొన నుండి తీసిన రక్తాన్ని, రెండవది సిర రక్తాన్ని పరీక్షించాయి, వయోపరిధులూ వేరు. కాబట్టి వీటిని పక్కపక్కన పెట్టి హెచ్చుతగ్గులను నిర్ధారించరాదు. బాలబాలికల మధ్య అంతరం మాత్రం రెండింటిలోనూ స్పష్టం.

మాత్రకు అందని లోపం

2018లో ప్రారంభమైన అనీమియా ముక్త్ భారత్ కింద కౌమారులకు వారానికొకసారి 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం గల మాత్రను, ఏటా రెండుసార్లు నులిపురుగుల మందును ఇస్తారు. అయితే సమగ్ర సర్వేలో 31 శాతం కౌమారులకు విటమిన్ బి12 లోపం కూడా కనిపించింది. ఈ మాత్రలో బి12 లేదు. అది పాలు, గుడ్లు, చేపలు, మాంసం ద్వారానే లభించాలి. పైగా ధాన్యాలు, పప్పులు, ఆకుకూరలలోని ఇనుమును శరీరం తక్కువగా గ్రహిస్తుంది. భోజనంతో నిమ్మ, ఉసిరి వంటివి తీసుకుంటే ఆ గ్రహణం పెరుగుతుంది. టీ తాగితే తగ్గుతుంది. ఇంట్లో అందరి తరువాత మిగిలినది తినే బాలికకు గుడ్డు, పాలు దక్కుతున్నాయా అన్నదే అసలు ప్రశ్న.

ముగింపు

2019–21 సర్వే ప్రకారం 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే వివాహమైనవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఇనుము నిల్వలు నిండకుండానే గర్భం దాల్చిన బాలికకు ప్రసవంలో ముప్పు, బిడ్డకు తక్కువ బరువు ముప్పు పొంచి ఉంటాయి. గర్భిణిగా నమోదైన తరువాత మొదలయ్యే సంరక్షణ అప్పటికే ఆలస్యమవుతుంది. కనుక మాత్రల పంపిణీ లెక్కలతో తృప్తి చెందక, బాలిక పళ్లెంలో ఏముందో, ఆమె ఎంతకాలం బడిలో ఉందో కూడా పరిశోధకులు కొలవవలసి ఉంది.